తడి ఒక చోట, లీకు మరొక చోట
పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

చిన్న విమానాల యజమానులు, శిక్షణలో ఉన్న పైలట్లు, మెకానిక్కు పని నేర్చుకుంటున్నవారు పంపిన ప్రశ్నల్లో ఇంజను కింద కనిపించే చుక్కలు, మరకల గురించినవే ఈసారి ఎక్కువగా ఉన్నాయి. అందువల్ల శీర్షికనంతా వాటికే కేటాయించాము. ఇక్కడ చెప్పేవన్నీ లీకు ఎక్కడిదో గుర్తించడానికి పనికివచ్చే విషయాలే గాని, తయారీదారు ఇచ్చిన మాన్యువల్‌కూ లైసెన్సు ఉన్న ఇంజనీరు తనిఖీకీ బదులుగా వాడుకోదగినవి కావు.

ప్రశ్న: మా విమానంలో ఎదురెదురు సిలిండర్లు నాలుగు గల, గాలితో చల్లబడే ఇంజను ఉంది. ఎగిరి వచ్చిన మర్నాటికి నేల మీద ఐదారు చుక్కల ఆయిలు కనిపిస్తున్నది. కింది కౌలింగు (ఇంజనును కప్పి ఉంచే తొడుగు) లోపలి భాగం కూడా తడిగా ఉంటున్నది. ఒక మెకానిక్కు రాకర్ కవర్ల (సిలిండరు కొసన వాల్వులను కదిలించే భాగాల మీది మూతల) స్క్రూలు బిగించారు. మరొకరు సంపు (ఇంజను దిగువన ఆయిలు నిలిచే తొట్టి) అడుగున ఉన్న డ్రెయిన్ వాల్వును మార్చారు. అయినా చుక్కలు ఆగలేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

సమాధానం: మీ ఇంజను మీద జరిగిన రెండు పనులూ ఆయిలు ఎక్కడి నుంచి వస్తున్నదో చూడకముందే జరిగాయి. చుక్క నేల మీద ఎక్కడ పడిందన్నది దాని ప్రయాణంలో ఆఖరి మజిలీని మాత్రమే చెబుతుంది. విమానం ఎగురుతున్నప్పుడు ముందు ద్వారాల గుండా వచ్చిన గాలి ఇంజను పైభాగాన ఒత్తిడిగా నిలిచి, బాఫిళ్లు అనే అడ్డురేకులు దారి మళ్లించగా సిలిండర్ల రెక్కల సందుల్లోంచి కిందికి దిగి, వెనుకవైపు దిగువన ఉన్న ద్వారం గుండా బయటకు పోతుంది. లీకైన ఆయిలు కూడా ఆ గాలి వెంటే కిందికి, వెనక్కి ప్రయాణించి, దారిలో తగిలిన ప్రతి భాగాన్నీ తడిపి, చివరకు అన్నింటికంటే దిగువన ఉన్న బోల్టు తలనో, వాల్వు అంచునో పట్టుకుని చుక్కగా వేలాడుతుంది. అందువల్ల వెతకవలసింది తడిసిన భాగాలన్నింటిలో అన్నింటికంటే పైన, అన్నింటికంటే ముందు ఉన్న భాగాన్ని.

నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఇటువంటి ఇంజను మీదే సంపు డ్రెయిన్ వాల్వును రెండుసార్లు మార్చాము. రెండవసారి కొత్త వాల్వు బిగించిన మర్నాడు కూడా దాని కొసన అదే చుక్క వేలాడుతూ ఉంది. మా పెద్ద ఇంజనీరు వచ్చి, ఏమీ విప్పకుండా, ముందు ఇంజనంతా కడగమన్నారు. కడిగి, ఆరబెట్టి, పది నిమిషాలు నడిపి చూస్తే, వెనుకనున్న, పంపుల వంటివి బిగించే యాక్సెసరీ కేసు పైభాగంలో, కొలత పరికరాలను నడిపే వ్యాక్యూమ్ పంపు కూర్చున్న చోట గాస్కెట్ అంచు నుంచి సన్నని గీత ఒకటి మొదలై, కేసు మీదుగా అడుగున్నర దూరం పాకి వాల్వు దగ్గర ముగిసింది. ఆ గీత ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. మురికి ఇంజను మీద అది ఎవరికీ కనిపించే అవకాశమే లేదు.

కాబట్టి మొదటి పని కడగడం. ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాత, మాన్యువల్ అనుమతించిన మినరల్ స్పిరిట్ వంటి ద్రావకంతో పై నుంచి కిందికి కడగాలి. పెట్రోలును ఈ పనికి ఎన్నడూ వాడకూడదు. మ్యాగ్నెటోలు (స్పార్క్ ప్లగ్గులకు విద్యుత్తు ఇచ్చేవి), ఆల్టర్నేటరు, స్టార్టరు, గాలి లోపలికి పీల్చే ద్వారం తడవకుండా కప్పి ఉంచాలి. పొడిగా తిరిగే వ్యాక్యూమ్ పంపు విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే దాని లోపలి కార్బన్ రెక్కలకు ద్రావకం తగిలితే పంపు పాడవుతుంది. తర్వాత ఆవిరి అంతా పోయేదాకా ఆరనివ్వాలి. ఈ ఆరబెట్టడంలో తొందరపడితే, ఆ తర్వాత చూసేది లీకా, మిగిలిపోయిన ద్రావకమా అన్నది తేలదు. పైగా ఆవిరి నిలిచి ఉండగా ఇంజను స్టార్టు చేయడం నిప్పుతో చెలగాటం.

ఆరిన తర్వాత రెండు దశల్లో పరీక్షించడం మంచిది. మొదట కౌలింగు లేకుండా నేల మీద తక్కువ వేగంలో కొద్ది నిమిషాలు మాత్రమే నడిపి, ఆపి, మ్యాగ్నెటో స్విచ్చి ఆఫ్‌లో ఉందని రూఢి చేసుకున్న తర్వాతే టార్చి లైటు, పిడి ఉన్న చిన్న అద్దం పట్టుకుని ప్రతి అతుకునూ చూడాలి. కౌలింగు లేనిదే సిలిండర్లకు సరైన గాలి అందదు గనుక ఈ పరుగును పొడిగించకూడదు. ఇందులో ఏమీ బయటపడకపోతే, కౌలింగు బిగించి ఏరోడ్రోము పరిసరాల్లోనే పదిహేను ఇరవై నిమిషాలు ఎగిరి వచ్చి, దిగిన వెంటనే కౌలింగు తీసి చూడాలి. గంటసేపు ఎగిరితే గాలి ఆయిలును మళ్లీ అంతటా పులిమేస్తుంది. అనుమానం రెండు మూడు చోట్లకు కుదించుకుపోయినప్పుడు, పగుళ్లను పట్టే డై పెనెట్రెంట్ కిట్‌లోని తెల్లని డెవలపర్‌ను ఆ భాగాల మీద పలుచగా చల్లి నడిపితే, తెలుపు మీద ఆయిలు ముదురు చారగా కనిపించి మూలాన్ని వేలుపెట్టి చూపినట్టు చూపుతుంది. పని అయ్యాక ఆ పొడిని పూర్తిగా తుడిచివేయాలి.

ఇక ఎక్కడెక్కడ చూడాలన్నది ఇంజను నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. లైకమింగ్ కంపెనీ ఇంజన్లలో వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్టు, ప్రొపెల్లర్‌ను తిప్పే క్రాంక్‌షాఫ్టుకు పైన ఉండడం వల్ల, వాల్వులను తెరిచే కడ్డీలు ఉండే పుష్‌రాడ్ గొట్టాలు సిలిండర్ల పైవైపున ఉంటాయి. ఎక్కువ కాంటినెంటల్ కంపెనీ ఇంజన్లలో అవి సిలిండర్ల కిందివైపున ఉంటాయి. అందువల్ల లైకమింగ్‌లో పుష్‌రాడ్ గొట్టం సీలు పాడైతే సిలిండరు రెక్కలన్నీ పై నుంచి తడిసి తప్పుదారి పట్టిస్తాయి, కాంటినెంటల్‌లో అయితే ఆయిలు నేరుగా కిందికి దిగుతుంది. లైకమింగ్‌లోనే రాకర్ పెట్టె నుంచి ఆయిలును క్రాంక్‌కేసులోకి (క్రాంక్‌షాఫ్టు ఉండే ఇంజను ప్రధాన పెట్టెలోకి) వెనక్కి తెచ్చే సన్నని డ్రెయిన్ గొట్టం ఒకటి ప్రతి సిలిండరుకూ ఉంటుంది. దాని కింది కొసను పొట్టి రబ్బరు హోసు ముక్కతో, రెండు క్లాంపులతో కలుపుతారు. ఏళ్ల తరబడి వేడికి ఆ రబ్బరు కట్టెలా గట్టిపడి, క్లాంపు బిగుతుగానే ఉన్నట్టు కనిపిస్తూ కారుతుంది. చిన్న లీకుల్లో నేను ఎక్కువగా చూసినది ఇదే. ఈ ముక్కను మార్చడానికి పట్టే సమయం స్వల్పం, అయినా అందరూ చివరగా చూసేది కూడా దీన్నే.

రాకర్ కవర్ల విషయానికి వస్తే, బిగించిన కొద్దీ లీకు తగ్గుతుందన్నది పొరపాటు. రేకు కవరు అంచు స్క్రూల దగ్గర లోపలికి వంగి, రెండు స్క్రూల మధ్య పైకి లేచి, అంతకుముందు లేని సందు ఏర్పడుతుంది. సిలికాన్ గాస్కెట్ అయితే అతిగా నొక్కినప్పుడు పక్కకు జారిపోతుంది. మీ కవర్లను ఇప్పటికే ఒకసారి బిగించారు కాబట్టి, వాటిని విప్పి, అంచు చదునుగా ఉన్నదో లేదో సమతలమైన బల్ల మీద పెట్టి చూసి, కొత్త గాస్కెట్‌తో, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కు (బిగింపు బలానికి) మించకుండా బిగించమని అడగండి.

వెతికేటప్పుడు ఈ మూడు చోట్లలో ఏ ఒక్కచోట తడి కనిపించినా మాత్రం దాన్ని చిన్న లీకుగా లెక్కించవద్దు. మొదటిది సిలిండరు మొదట్లో, క్రాంక్‌కేసుకు అది ఆనిన చోట ఊరుతున్న ఆయిలు. అది ఓ-రింగు పాతబడినందువల్ల కావచ్చు గాని, సిలిండరును పట్టి ఉంచే స్టడ్డు తెగినందువల్ల, నట్టు వదులైనందువల్ల కూడా కావచ్చు. రెండవది సిలిండరు హెడ్డూ బ్యారెలూ కలిసే వలయం చుట్టూ కనిపించే మరక. అక్కడ హెడ్డు పగలడం మొదలై ఉండవచ్చు. మూడవది క్రాంక్‌కేసు గోడ మీద, అతుకు లేని చోట, ఏ గాస్కెట్‌కూ సంబంధం లేకుండా పుట్టే సన్నని గీత. అతుకు లేని చోట ఆయిలు వచ్చిందంటే లోహం పగిలిందనే అనుకుని, ఇంజనీరు చూసేదాకా విమానాన్ని హ్యాంగర్‌లోనే ఉంచాలి.

ప్రశ్న: రోజుకు ఎన్ని చుక్కల వరకు ఫరవాలేదు?

సమాధానం: చుక్కల సంఖ్యను బట్టి తీర్పు చెప్పడం కుదరదు. ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు అనుకుంటే, ఒక క్వార్టు ఆయిలు, అంటే 946 మిల్లీలీటర్లు, పోవడానికి దాదాపు 19 వేల చుక్కలు కావాలి. ఆ లెక్కన ఐదారు చుక్కలు ఏ మూలకూ రావు. అయితే నేల మీది చుక్కలు ఇంజను ఆగిన తర్వాత జారినవి మాత్రమే. ఆయిల్ కూలరు హోసులు, ఫిల్టరు వంటివి ఎగురుతున్నప్పుడు సాధారణంగా 60 నుంచి 90 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడిలో ఉంటాయి. ఇంజను ఆగగానే ఆ ఒత్తిడి పోతుంది, లీకూ ఆగిపోతుంది. అటువంటి హోసుకు పడిన పగులు రాత్రంతా ఒక్క చుక్కా రాల్చకుండా ఉండి, గాలిలో ఉండగా క్వార్టులకు క్వార్టులు బయటకు చిమ్మగలదు. రాకర్ కవరు నుంచి పది చుక్కలు పడడం కంటే ఒత్తిడి ఉన్న హోసు ఫిట్టింగు చెమర్చడం ఎక్కువ ఆందోళన కలిగించవలసిన విషయం. ఎన్ని చుక్కలు అని కాక, ఏ భాగం నుంచి, డిప్‌స్టిక్ (ఆయిలు మట్టం కొలిచే పుల్ల) మీద గంటకు ఎంత తగ్గుతున్నది, కిందటి వారం కంటే పెరిగిందా అన్న మూడింటినీ లాగ్‌బుక్‌లో రాసుకోండి. ఎగ్జాస్టు గొట్టం మీదికి చేరే లీకును మాత్రం అది ఎంత చిన్నదైనా వెంటనే ఆపించాలి.

ప్రశ్న: మా ఇంజను పైకి చూస్తే శుభ్రంగానే ఉంది, ఎక్కడా తడి లేదు. కాని విమానం పొట్ట మాత్రం తోక దాకా ఆయిలుతో నల్లబడుతున్నది. ప్రతిసారీ ఆయిలును 8 క్వార్టుల గుర్తు దాకా నింపుతున్నాము. రెండు ప్రయాణాలకే 7కు పడిపోతున్నది.

సమాధానం: మీ ఆయిలు చాలా మటుకు, క్రాంక్‌కేసు లోపలి వాయువులను బయటకు వదిలే బ్రీదర్ గొట్టం గుండా పోతున్నది. క్రాంక్‌కేసులో తిరిగే భాగాలు ఆయిలును తుంపరలుగా చిలుకుతాయి. పిస్టన్ రింగుల పక్కనుంచి దిగిన దహన వాయువులు బయటకు పోతూ ఆ తుంపరలను వెంట తీసుకుపోతాయి. సంపు నిండా ఉన్నప్పుడు ఇది ఎక్కువ. లైకమింగ్ ఓ-320 శ్రేణిలో చాలా మోడళ్ల సంపు 8 క్వార్టులు పడుతుంది, ఇంజను సురక్షితంగా నడవడానికి తయారీదారు చెప్పిన కనీస పరిమాణం 2 క్వార్టులు. విమానం హ్యాండ్‌బుక్ ఇంతకంటే ఎక్కువ కనీస పరిమాణాన్ని కోరుతుంది, అనుసరించవలసింది దాన్నే. ఆ పరిమితికి లోబడి, తయారీదారు అనుమతించిన మేరకు, నింపడం 7 దగ్గరో 6 దగ్గరో ఆపి పది గంటలు గమనించండి. చాలా ఇంజన్లలో పై క్వార్టు రెండు ప్రయాణాల్లో పోతుంది, ఆ కింది క్వార్టు ఎన్నో గంటలు నిలుస్తుంది. డిప్‌స్టిక్ చూసేటప్పుడు విమానం సమతలం మీద ఉండాలి, ఇంజను ఆపి కొన్ని నిమిషాలు గడిచి ఉండాలి. లేకుంటే ఆయిలు ఇంకా పైనుంచి దిగుతూ ఉండగానే కొలిచి, అవసరం లేకపోయినా మరో క్వార్టు పోస్తాము.

మట్టం తగ్గించినా ఆయిలు ఖర్చు తగ్గకపోతే పిస్టన్ రింగులను అనుమానించాలి. లైకమింగ్ ఇచ్చిన సూత్రం ప్రకారం గరిష్ఠంగా అనుమతించదగిన ఖర్చు, ఇంజను హార్స్‌పవర్‌ను 0.006తోను, 4తోను గుణించి 7.4తో భాగిస్తే గంటకు క్వార్టులలో వస్తుంది. 160 హార్స్‌పవర్ ఇంజనుకు అది గంటకు అర క్వార్టు కంటే కొద్దిగా ఎక్కువ. ఇది ఆఖరి గీత అని గుర్తుంచుకోండి. మంచి స్థితిలో ఉన్న ఇంజను దీనికి ఎంతో దిగువన ఉంటుంది. సిలిండర్లలోకి 80 పీఎస్ఐ గాలి పంపి చేసే డిఫరెన్షియల్ కంప్రెషన్ పరీక్ష చేయించి, ఆ సమయంలో ఆయిలు పోసే మూత తీసి చెవి పెట్టి వినమనండి. అక్కడ బుస వినిపిస్తే గాలి రింగుల పక్కనుంచి దిగుతున్నట్టు. ఎగ్జాస్టు గొట్టంలో వినిపిస్తే ఎగ్జాస్టు వాల్వు నుంచి పోతున్నట్టు. కొత్త సిలిండర్లు వేసిన మొదటి గంటల్లో, రింగులు సర్దుకునేదాకా, బ్రీదర్ ఎక్కువ ఆయిలు వదలడం మాత్రం మామూలే.

ప్రశ్న: నేను శిక్షణలో ఉన్న పైలట్‌ను. ఎగరడానికి ముందు తనిఖీలో కార్బురేటరు పక్కన ఎండిపోయిన నీలిరంగు మరక చూశాను. చెయ్యి పెడితే తడి లేదు. చెప్పాలా, వదిలేయాలా?

సమాధానం: తప్పకుండా చెప్పాలి, చెప్పి ఆ విమానం ఎక్కకుండా ఆగాలి. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోలుకు (అవ్‌గ్యాస్‌కు) గుర్తు కోసం నీలిరంగు కలుపుతారు. ఇంధనం త్వరగా ఆవిరైపోతుంది, రంగు మాత్రం మిగులుతుంది. అందుచేత ఆయిలు లీకులో తడి సాక్ష్యమైతే, ఇంధనం లీకులో ఎండిన మరకే సాక్ష్యం. చెయ్యి తడవలేదన్నది ధైర్యం చెప్పే విషయం కాదు.

రెక్కల్లోని ట్యాంకుల అతుకుల దగ్గర ఊరే ఇంధనాన్ని, తుడిచిన 30 నిమిషాల తర్వాత తడి ఎంత వెడల్పున వ్యాపించిందో చూసి, మరక, ఊట, పెద్ద ఊట, పారే లీకు అని వర్గీకరించే పద్ధతి ఉంది. వాటిలో చిన్నవాటిని కొంతకాలం గమనిస్తూ ఎగరడానికి కొన్ని సందర్భాల్లో వీలుంటుంది. ఇంజను గదిలో ఆ వెసులుబాటు లేదు. అక్కడ వేడి ఎగ్జాస్టు ఉంది, విద్యుత్ పరికరాలు ఉన్నాయి. కాబట్టి ఇంజను గదిలో ఇంధనం లీకు ఎంత చిన్నదైనా సరిచేసేదాకా స్టార్టు చేయకూడదు.

మూలం వెతకడంలో కార్బురేటరు నుంచి వచ్చే చుక్క ఎప్పుడు పడిందన్నది ముఖ్యం. చల్లని ఉదయం ప్రైమర్‌ను (స్టార్టుకు ముందు ఇంధనాన్ని ఇంజనులోకి పంపే చేతి పంపును) ఎక్కువసార్లు కొట్టిన తర్వాత గాలిపెట్టె డ్రెయిన్ నుంచి నాలుగు చుక్కలు పడి ఆగిపోతే అది మిగులు ఇంధనమే. ఏ ప్రైమింగూ లేకుండా, ఇంజను ఆపి ఇంధన సెలెక్టరు తెరిచి ఉంచినప్పుడు నిదానంగా చుక్కలు పడుతూనే ఉంటే, కార్బురేటరులోకి ఇంధనం రాకుండా ఆపే ఫ్లోటు సూది మీద చెత్త పడి అది మూసుకోవడం లేదన్నమాట. ప్రైమర్ గొట్టాలు సిలిండరు హెడ్డులోకి దిగే చోట, ఇంధన పంపు చుట్టూ, ఇంధనంలోని నీటినీ మురికినీ పట్టే గ్యాస్కొలేటర్ గిన్నె గాస్కెట్ దగ్గర కూడా చూడమని మీ ఇంజనీరుతో చెప్పండి. డయాఫ్రం రకం పంపుకు బయటికి తెరుచుకునే డ్రెయిన్ ఒకటి ఉంటుంది. దానిలోంచి ఇంధనం వస్తే లోపల డయాఫ్రం చిరిగినట్టే. ఇంజెక్షన్ ఇంజన్లలో నాజిళ్లకు వెళ్లే సన్నని స్టెయిన్‌లెస్ గొట్టాలు క్లాంపుల ఆధారం తప్పితే కంపనానికి అలసి పగులుతాయి. లైకమింగ్ సర్వీసు బులెటిన్ 342 పూర్తిగా ఈ గొట్టాల తనిఖీ గురించే. నాజిలు చుట్టూ నీలిమరక ఉంటే గొట్టం పగిలిందనే కాక, నాజిలు సగం పూడుకుపోయిందేమోనని కూడా చూడాలి.

ప్రశ్న: ముక్కు చక్రం దగ్గర ఎర్రని ద్రవం కనిపిస్తున్నది. ఇది ఇంజనుదేనా?

సమాధానం: ఎక్కువ సందర్భాల్లో కాదు. చిన్న విమానాల బ్రేకుల్లోను, ముక్కు చక్రం షాక్ స్ట్రట్టులోను వాడే 5606 రకం హైడ్రాలిక్ ద్రవం ఎర్రగా ఉంటుంది. స్ట్రట్టు మెరిసే కడ్డీ మీద పలుచని పొర ఉండడం సహజం. కింద మడుగు కట్టడం, స్ట్రట్టు రోజురోజుకూ కుంగడం సీలు పాడైనదానికి గుర్తు. ఫైర్‌వాల్ (ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య గోడ) అడుగునుంచి వస్తూ ఉంటే పెడళ్ల దగ్గర ఉన్న బ్రేకు సిలిండర్లను చూడాలి. తగ్గిన ద్రవానికి బదులు కార్లలో వాడే బ్రేకు ద్రవం పోస్తే ఈ వ్యవస్థలోని రబ్బరు సీళ్లన్నీ ఉబ్బి పాడవుతాయి.

ఒక మినహాయింపును మాత్రం గట్టిగా చెప్పాలి. కొన్ని మెకాలే కంపెనీ ప్రొపెల్లర్ల హబ్బులో (బ్లేడ్లను పట్టి ఉంచే మధ్యభాగంలో) పగులు బయటపడడం కోసమే ఎర్రరంగు కలిపిన ఆయిలు నింపుతారు. హబ్బు మీదగాని, బ్లేడు మొదట్లోగాని ఎరుపు కనిపిస్తే ఆ ప్రొపెల్లర్‌ను ఇక తిప్పకూడదు.

ప్రశ్న: పైలట్ ముందున్న అద్దం మీద సన్నని ఆయిలు తుంపరలు పడుతున్నాయి. క్రాంక్‌షాఫ్టు ముందు సీలు మార్చి నెల కాలేదు, మళ్లీ అదే పరిస్థితి. సీలు నాసిరకమా?

సమాధానం: సీలును నిందించే ముందు తుంపరలు ఏ దారిన వస్తున్నాయో చూడండి. ముందు సీలు నుంచి వచ్చే ఆయిలు క్రాంక్‌కేసు ముక్కును తడిపి, తిరుగుతున్న స్టార్టరు రింగు గేరు విసరగా కౌలింగు లోపలి గోడ మీద వలయంగా పడుతుంది. ప్రొపెల్లర్ హబ్బు నుంచి వచ్చేది బ్లేడు మొదట్లో మొదలై కొసవైపు చారలుగా సాగుతుంది. అది చిక్కగా, గోధుమరంగులో ఉంటే గ్రీజు, ఈమధ్యే గ్రీజు ఎక్కించి ఉంటే కొద్దిగా రావడం సహజం. స్థిరమైన పిచ్ (బ్లేడు కోణం) ఉన్న ప్రొపెల్లర్ అయితే హబ్బులో ఆయిలు ఉండదు గాని, బోలుగా ఉన్న క్రాంక్‌షాఫ్టు ముందు కొసను మూసే బిళ్ల వదులై, స్పిన్నరు (ప్రొపెల్లర్ మధ్యనున్న కోసుగా ఉండే తొడుగు) లోపల మధ్యనుంచి ఆయిలు రావచ్చు. ఈ మూడింటినీ వేరుచేయడానికి స్పిన్నరు విప్పి చూడడం తప్పనిసరి.

నిజంగా సీలే అయితే, నెల తిరగకుండానే కొత్తది కూడా కారిందంటే దాన్ని లోపలి నుంచి ఏదో నెడుతున్నది. నేను మొదట బ్రీదర్ గొట్టాన్ని చూస్తాను. దహనంలో పుట్టిన నీటి ఆవిరి బ్రీదర్ గుండా బయటకు పోతూ, గడ్డకట్టే చలిలో గొట్టం కొసన మంచుగా పేరుకుని దారి మూసివేస్తుంది. అప్పుడు క్రాంక్‌కేసులో పెరిగిన ఒత్తిడి అన్నింటికంటే బలహీనమైన చోటును, అంటే ముందు సీలును, బయటకు తోస్తుంది; కొద్ది నిమిషాల్లో ఆయిలంతా పోయిన సందర్భాలు ఉన్నాయి. ఇందుకోసమే చాలా విమానాల్లో బ్రీదర్ గొట్టానికి కౌలింగు లోపలి వెచ్చని భాగంలో చిన్న రంధ్రమో చీలికో పెడతారు, కొస మూసుకున్నా వాయువులకు మరో దారి ఉండాలని. ఎవరో ఆ రంధ్రాన్ని లీకు అనుకుని టేపు చుట్టడం, గొట్టం మార్చినప్పుడు రంధ్రం లేనిది వేయడం జరుగుతుంటాయి. చలి లేని చోట కందిరీగలు మట్టిగూడు కట్టినా ఫలితం అదే. బ్రీదర్ బాగుంటే అప్పుడు రింగులనూ, సీలు ఆనే చోట క్రాంక్‌షాఫ్టు మీద గీతలనూ పరిశీలించాలి. కారణం తీయకుండా మూడో సీలు వేయించవద్దు.

ప్రశ్న: లీకులను ఆపే మందులని చెప్పి అమ్మే సంకలితాలు ఆయిలులో కలపవచ్చా? అతినీల కాంతిలో మెరిసే రంగు సంగతి ఏమిటి?

సమాధానం: మొదటిది వద్దు. రబ్బరును ఉబ్బించి లీకు ఆపే పదార్థం ఒక్క పాత సీలునే ఎంచుకుని ఉబ్బించదు. రెండవది, మెరిసే రంగు, మీ ఇంజను తయారీదారు ఆమోదించిన రకమైతే, కడిగి నడిపి చూసినా దొరకని మొండి లీకుల విషయంలో బాగా ఉపకరిస్తుంది. చీకటి హ్యాంగర్‌లో ఆ దీపం వేసి చూడాలి. అయితే కడగకుండా వాడితే ఇంజనంతా మెరుస్తుంది, మళ్లీ మొదటికే వస్తాము.

ప్రశ్న: మాది రోటాక్స్ 912 ఇంజను. నీటి పంపు అడుగున ఒక చిన్న రంధ్రం నుంచి చుక్క వస్తున్నది. దాన్ని సీలెంటుతో మూయమని ఒకరు సలహా ఇచ్చారు. అలాగే ఒకరోజు ఆయిలు మట్టం బాగా తక్కువ చూపి, మర్నాడు సరిగ్గా ఉంది. లీకు లేకుండా ఇదెలా సాధ్యం?

సమాధానం: దయచేసి ఆ రంధ్రాన్ని మూయవద్దు. నీటి పంపు షాఫ్టు మీద రెండు సీళ్లు ఉంటాయి, ఒకటి కూలెంటును (ఇంజనును చల్లబరిచే ద్రవాన్ని) ఆపడానికి, మరొకటి ఇంజను ఆయిలును ఆపడానికి. వాటి మధ్య ఖాళీని బయటకు తెరిచే దారి ఈ రంధ్రం. ఏ సీలు పాడైతే ఆ ద్రవం ఇక్కడ కనిపిస్తుంది. వచ్చినది నీళ్లలా పలుచగా, తీపి వాసనతో, ఎండితే పెళుసు పొరగా మిగిలేదైతే కూలెంటు సీలు; నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలు సీలు. రంధ్రం మూసేస్తే తప్పించుకునే దారి లేక కూలెంటు రెండవ సీలును దాటి ఆయిలులో కలిసే ప్రమాదం ఉంది. తెల్ల కాగితం ముక్కను రంధ్రం కింద పెట్టి ఒక రాత్రి ఉంచితే ఏ ద్రవమో తేలుతుంది, ఆపై సీళ్ల మార్పిడికి ఏర్పాటు చేసుకోండి.

ఆయిలు మట్టం విషయంలో మీరు చూసినది లీకు కాదు. ఈ ఇంజనులో ఆయిలు సంపులో కాక వేరే ట్యాంకులో ఉంటుంది, ఇంజను ఆగినప్పుడు కొంత క్రాంక్‌కేసు అడుగున మిగిలిపోతుంది. డిప్‌స్టిక్ చూసే ముందు ఇగ్నిషన్ స్విచ్చులు రెండూ ఆఫ్‌లో ఉన్నాయని నిర్ధారించుకుని, చక్రాలకు అడ్డు పెట్టి, ప్రొపెల్లర్‌ను అది తిరిగే దిశలోనే చేత్తో నిదానంగా, ట్యాంకులో గురగుర శబ్దం వినిపించేదాకా తిప్పాలి. లోపల మిగిలిన ఆయిలు ట్యాంకుకు చేరిందని ఆ శబ్దం చెబుతుంది. మొదటిరోజు అలా తిప్పకుండా కొలిచి ఉంటారు. ఆ తక్కువ మట్టాన్ని నమ్మి అప్పుడు ఆయిలు పోసి ఉంటే, ఇప్పుడు ఎక్కువైంది తీయవలసి ఉంటుంది. ప్రొపెల్లర్ తిప్పి మరోసారి కొలిచి చూడండి.